వేయించిన చింతపిక్క

కృపారావు తన భార్యతో ఫోన్లో మాట్లాడింది నిన్న మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలకి. మాట బాగానే ఉంది. రెండు ఇరవైకి గేటు పక్క గదిలో నేలమీద పడి ఉన్నాడు. జగ్గయ్యపేట నుంచి కారులో నందిగామ ఆసుపత్రికి చేర్చేసరికి మూడు దాటి ఐదు నిమిషాలు. వేలు గుచ్చి చూస్తే సుగరు ఇరవై ఎనిమిది. ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి కూడా డెబ్భైకి తగ్గకూడదు.

మర్నాడు పదకొండున్నరకి అదే మంచం పక్కన నిలబడి భవానీప్రసాద్ ఈ అంకెలన్నీ ఒక చీటీ మీద రాసుకున్నాడు. పాతికేళ్ళు నందిగామలో చింతపిక్కలు, తుమ్మబంక టోకున అమ్మిన మనిషి. ఆరేళ్ళ క్రితం ఒక లారీ సరుకు దారిలో మాయమైతే పోలీసులకంటే ముందు తనే వెతికి పట్టుకున్నాడు. ఆ రుచి మరిగి, దుకాణం తమ్ముడికి అప్పజెప్పి డిటెక్టివ్ బోర్డు కట్టాడు. పని మారింది గాని పద్ధతి మారలేదు. మనిషి మాట పూటకో రకంగా ఉంటుంది, మూట బరువు ఎవరు తూచినా ఒక్కటే అని ఆయన నమ్మకం.

ఇప్పుడు కాటా ఎక్కింది సంహిత బతుకు. ఆయన పాత స్నేహితుడి కూతురు. జగ్గయ్యపేట హైవే పక్కన షెడ్డులో ల్యాబ్ పెట్టి ఏడేళ్ళుగా ఒకే పని మీద కూర్చుంది: సూది అక్కర్లేకుండా ఇన్సులిన్‌ని మాత్రగా మింగించడం. ఆ మాత్రలో ఇన్సులిన్‌కి తొడుగు చింతపిక్క జిగురు. ఇంకా ఎలుకల మీద పరీక్షలే నడుస్తున్నాయి, మనుషులకి ఇవ్వడానికి అనుమతి లేదు. కృపారావు ఆ ల్యాబ్‌కి వాచ్‌మన్. అతని చొక్కా జేబులో ఆ మాత్రల స్ట్రిప్పు ఖాళీగా దొరికింది. ఇంకేముంది, సంహిత దొంగచాటుగా వాచ్‌మన్ మీద ప్రయోగం చేసిందన్నారు. ల్యాబ్‌కి పెట్టుబడి పెట్టిన సంస్థ విజయవాడ నుంచి హరిచరణ్ అనే డిటెక్టివ్‌ని దింపింది. సాయంత్రం నాలుగింటికి అతని రిపోర్టు పోలీసులకి చేరుతుంది. చేరితే సంహితకి అరెస్టు, ల్యాబ్‌కి తాళం.

అంటే చేతిలో ఉన్నది నాలుగున్నర గంటలు.

మంచం కాళ్ళ దగ్గర స్టూలు మీద కృపారావు భార్య సువార్తమ్మ కూర్చుని ఉంది. కళ్ళు వాచాయి.

"సువార్తమ్మా, నీ మొగుడు సుగరుకి ఏం మందు వాడుతున్నాడు?"

"ఏం వాడట్లేదు బాబుగారూ. డాక్టరు మాత్రలు మానేశాడు."

"ఎన్నాళ్ళయింది?"

"నెల దాటింది."

"మానేస్తే పెరగాలిగా?"

"తగ్గిందండీ. మొన్న చూపిస్తే నూటపది అన్నారు. దేవుడి దయ."

"దయకి నేను అడ్డం చెప్పను. ఆ దయని నీళ్ళతో మింగేవాడా, మజ్జిగతోనా?"

"మింగడం ఎక్కడండీ, ఆయనకి మాత్ర గొంతు దిగదు. చిన్నప్పట్నుంచీ అంతే. ఏదైనా కిళ్ళీలో పెట్టుకుని నమలాల్సిందే..."

అని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఏదైనా అంటే ఏది?"

"ఏదైనానండీ. తలనొప్పి మాత్రైనా సరే." చూపు గ్లూకోజు సీసా మీదికి తిప్పేసింది.

భవానీప్రసాద్ రెట్టించలేదు. అమ్మేవాడు మూట మీద చెయ్యి వేసి కూర్చున్నప్పుడు లాగితే బేరం చెడుతుంది. పక్కకి వెళ్ళి డ్యూటీ డాక్టర్ని పట్టుకున్నాడు. ఆ కుర్ర డాక్టరు చార్టు తిప్పి చూపించాడు. నిన్న రాత్రి ఎనిమిదింటికి నూటనలభై. తెల్లవారుజామున నాలుగింటికి నలభై నాలుగు. మోతాదు పెంచితే పెరిగింది. ఇవాళ పదిన్నరకి యాభై ఒకటి.

"గ్లూకోజు ఆపారా మధ్యలో?"

"లేదండీ, ఎక్కుతూనే ఉంది. అదే మాకూ వింతగా ఉంది. ఇన్సులిన్ ప్రభావమైతే ఈపాటికి దిగిపోవాలి. ఇంకేమన్నా వాడాడా అంటే ఆవిడ ఏమీ వాడలేదంటోంది."

భవానీప్రసాద్ చీటీలో ఇంకో రెండు అంకెలు వేసుకుని కారెక్కాడు.

జగ్గయ్యపేట చేరేసరికి పన్నెండూ నలభై. వాచ్‌మన్ గది తలుపు దగ్గర హరిచరణ్ నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా మడత నలగలేదు. పక్కనే సంహిత, నిన్నటినుంచి తిండీ నిద్రా లేని మొహంతో.

"రండి షావుకారుగారూ," అన్నాడు హరిచరణ్. "చింతపండు బేరానికా?"

"పండు మీరు తినేశారటగా. పిక్కలేమన్నా మిగిలాయేమోనని వచ్చా."

"పిక్కలు కూడా మిగల్లేదు. జేబులో స్ట్రిప్పు. పది గుంటలూ ఖాళీ. మందు బీరువా తాళం ఈవిడ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. మందు పనే సుగరు తగ్గించడం, ఆయనకి తగ్గింది. ఇందులో డిటెక్టివ్‌కి పనేముంది? గుమాస్తా చాలు."

"మరి మిమ్మల్నెందుకు పిలిచారో." భవానీప్రసాద్ సంహితవైపు తిరిగాడు. "అమ్మాయ్, నీ మాత్ర లోపల ఏం చేస్తుందో నాకు తెలిసేటట్టు చెప్పు."

"ఇన్సులిన్‌ని ఉత్తిగా మింగితే కడుపులో పప్పూ గుడ్డూ అరిగినట్టు అరిగిపోతుంది బాబాయ్. ఒంటికి అందదు. అందుకే జిగురు తొడుగు. ఆ తొడుగు కడుపులో పులుపుకి విడిపోకుండా మేం పదును చేశాం. పేగులోకి దిగాక ఉబ్బి విచ్చుకుంటుంది. అప్పుడు ఇన్సులిన్ బయటికొస్తుంది."

"మింగినప్పట్నుంచి ఎంతసేపు పడుతుంది?"

"రెండు గంటలు తక్కువ కాదు. తర్వాత ఆరు గంటలు పని చేస్తుంది. ఎలుకల్లో అంతే."

"నమిలితే?"

"నమిలితే తొడుగు పగిలిపోతుందిగా. పది మాత్రలు నమిలినా పది శనగ్గింజలు నమిలినట్టే. ఏమీ కాదు."

"కృపారావుకి మాత్ర గొంతు దిగదు. ఏదైనా కిళ్ళీలో పెట్టి నములుతాడు. భార్య చెప్పింది, చెప్పాక నాలిక్కరుచుకుంది. ఇదొకటి. నీ మందు ఆరు గంటల్లో దిగిపోవాలి. ఆయనకి ఇవాళ పదిన్నరకి కూడా సుగరు పడిపోయింది, పడ్డాక ఇరవై గంటలకి. ఇది రెండు. హరిచరణ్ గారూ, మీరు వెతకాల్సింది ఇరవై గంటలు పనిచేసే మందు. ఈ పిల్ల తయారుచేసింది అది కాదు."

"భార్య మాట పట్టుకుని అంటున్నారు," హరిచరణ్ నవ్వాడు. "నిన్న ఒక్కరోజు మింగి ఉండకూడదా?"

"ఉండొచ్చు. చూద్దాం. పక్కకి తప్పుకోండి."

గది పదడుగుల పొడవు. మంచం, కుర్చీ, గోడకి టార్చిలైటు. కిటికీ కింద తమలపాకుల తడిగుడ్డ, సున్నపు డబ్బా, వక్కల సంచి. మంచం పక్కన పాత పెయింటు డబ్బా ఒకటి.

"ఈ ఉమ్మి డబ్బా మీ ఫోటోల్లో ఉందా?"

"చీ. దాన్నెవరు ముట్టుకుంటారు?"

"నేను." భవానీప్రసాద్ ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని పుల్లతో కదిపాడు. అడుగున పాతవి ఎండి పెళుసెక్కాయి. పైన ఒక్క ముద్ద మాత్రం ఇంకా మెత్తగా ఉంది. దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి విడదీశాడు. సన్నటి తీగలు సాగాయి, జానెడు సాగినా తెగలేదు. తమలపాకుకి, వక్కకి అంత జిగి ఉండదు. వెలుతురులో పెట్టి చూస్తే ఎరుపులో నల్లటి నలుసులు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. కిళ్ళీ వాసన కింద ఇంకో వాసన, పాతికేళ్ళు తన చొక్కాలకి పట్టిన వాసన.

"చింతపిక్క జిగురే," అన్నాడు.

హరిచరణ్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "అదీ మాట! నా కేసు మీరే గెలిపిస్తున్నారు."

"చింతపిక్క జిగురే, కానీ వేయించిన పిక్క. అమ్మాయ్, మీరు పిక్క పొట్టు ఎట్టా తీస్తారు?"

"నానబెట్టి తీస్తాం. వేయించనే వేయించం బాబాయ్. మంట తగిలితే జిగురు బలం చచ్చిపోతుంది, తొడుగుకి చిల్లులు పడతాయి. మా పొడి మల్లెపువ్వులా ఉంటుంది, ఇట్టా నలుసులుండవు."

"విన్నారుగా. కృపారావు ఆఖరిసారి నమిలింది ఈ ల్యాబ్ సరుకు కాదు. ఇదే పిక్కతో ఇంకెవరో చేసిన సరుకు."

"కోర్టులో జడ్జిగారికి ఉమ్మి వాసన చూపిస్తారా?"

"ఆయన దాకా ఎందుకు, ముందు మీ స్ట్రిప్పు చూపించండి. దాన్ని ఈ అమ్మాయికి చూపించారా?"

"సాక్ష్యాన్ని నిందితురాలి చేతికిచ్చే అలవాటు నాకు లేదు."

"సరుకు తనదో కాదో సొంతదారుని అడక్కుండానే దొంగని తేల్చేశారన్నమాట. చేతికివ్వొద్దు లెండి. దూరంనుంచి చూపించండి, నెంబరు చదువుకుంటుంది."

హరిచరణ్ దవడ బిగిసింది. అయినా సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి పైకెత్తి పట్టుకున్నాడు. స్ట్రిప్పు వెనక చేత్తో రాసిన నెంబరు కనబడుతోంది. సంహిత దాన్ని చదివి, లోపలికి పరుగెత్తి, నోట్‌బుక్ తెచ్చి, పేజీలు తిప్పింది. వేలు ఒకచోట ఆగింది.

"ముప్పై నాలుగో నెంబరు. ఇది గురువారం నేనే ఖాళీ చేశా, పదింపావుకి. పది మాత్రలూ కరిగించే పరీక్షకి వేశా. ఇదిగో, ఒక్కో మాత్ర ఎంతసేపటికి కరిగిందో గంటగంటకీ రాసి ఉంది. స్ట్రిప్పు చెత్తలో పడేశా."

"గురువారం ఖాళీ అయిన స్ట్రిప్పుని శనివారం తిన్నాడట మీ వాచ్‌మన్," అన్నాడు భవానీప్రసాద్. "చెత్త ఎవరు తీస్తారు?"

"కృపారావు బయటపెడతాడు, మా పనివాడు రత్నబాబు వారానికోసారి తగలబెడతాడు. నిన్న కృపారావు పడి ఉండటం ముందుగా చూసిందీ అతనే."

హరిచరణ్ మొహంలో నవ్వు పోయింది గాని పట్టు పోలేదు. "అయితే వాచ్‌మనే చెత్తలోంచి తీసి జేబులో వేసుకుని ఉండొచ్చు. వేయించిన పిక్క బజార్లో ఎక్కడైనా దొరుకుతుంది. మీ దగ్గర ముక్కలున్నాయి ప్రసాద్‌గారూ, మనిషి లేడు. నాకు నాలుగింటికి మనిషి కావాలి."

'షావుకారు' పోయి 'ప్రసాద్‌గారు' వచ్చిందంటే ధర పెరిగిందన్నమాట. "రండి, పెరట్లో ఉన్నాడేమో చూద్దాం," అన్నాడు భవానీప్రసాద్.

షెడ్డు వెనక పిక్క మర, దాని పక్కన పొట్టు కుప్ప. చర్మాలకి రంగు వేసేవాళ్ళు నెలకోసారి వచ్చి ఎత్తుకుపోతారు. పైనున్న పొట్టు ఇటుక రంగులో, నానిన తోలులా ఒంపులు తిరిగి ఉంది. భవానీప్రసాద్ పార తీసుకుని అడుగుదాకా దించాడు. మూడో పారకి నల్లటి పొట్టు వచ్చింది. చేత్తో నలిపితే పొడిపొడి అయింది. అది మొత్తం ఒక గోనెసంచికి ఎత్తించి, మర పక్కనున్న కాటా మీద పెట్టించాడు. పదిహేను కిలోలు.

"నూరు కిలోల పిక్కకి ముప్పై కిలోల పైచిలుకు పొట్టు పోతుంది. ఇది మా తాతలనాటి లెక్క, మారదు. పదిహేను కిలోల నల్ల పొట్టు ఉందంటే, పోయినసారి వాళ్ళు ఎత్తుకుపోయాక ఇక్కడ యాభై కిలోల దాకా పిక్క వేయించి ఒలిచారు. ముప్పై కిలోలకి పైగా పొడి తయారైంది. బజార్లో కొన్న సరుకైతే పొట్టు బజార్లోనే ఉండాలి, ఇక్కడికి నడిచి రాదు. అమ్మాయ్, నువ్వు లేనప్పుడు మర ఎవరు తిప్పుతారు?"

సంహిత మర వైపు చూసింది. అక్కడ తలుపు దగ్గర రత్నబాబు నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, ఖాకీ చొక్కా, బొత్తాలన్నీ పెట్టుకుని. తరతరాలుగా పిక్క పని చేసిన కుటుంబం. ఈ చుట్టుపక్కల అతనంత పనివాడు లేడని సంహితకి మర కొనిపెట్టినప్పుడు భవానీప్రసాదే సిఫారసు చేశాడు. తను కట్టిన వెల తప్పింది. సరే, తప్పితే దిద్దుకోవాలి.

"దా రత్నబాబూ," అన్నాడు మామూలుగా. "చూడు, ఈ పని ఏ చేతగానివాడు చేశాడో. పిక్కంతా మాడబెట్టాడు. ఇది పొట్టా, బొగ్గా?"

"నాకేం తెలుసండీ."

"నీకు తెలియదులే, నువ్వైతే ఇట్టా చెయ్యవు. ఎవడో కొత్తగా మొదలెట్టిన వెధవ. పెనం మీద పడేసి అట్టే వదిలేసినట్టున్నాడు. మీ నాన్న చూస్తే చెంప పగలగొట్టేవాడు."

రత్నబాబు పొట్టువైపు చూశాడు. పెదవి కదిలింది, ఆగింది. చివరికి వల్లగాక, "అది మాడటం కాదండీ," అన్నాడు. "ఇసక వేడికి ఆ రంగే వస్తుంది. లోపల పప్పు చూడండి, ఎక్కడన్నా మాడిందేమో."

"ఇసకలో వేయించారని నేననలేదే."

హరిచరణ్ మొదటిసారి జేబులోంచి పెన్ను తీశాడు.

"కూర్చో," అన్నాడు భవానీప్రసాద్. గొంతు పెంచలేదు. "నిన్న రెండు ఇరవైకి కృపారావుని ముందుగా చూసింది నువ్వు. చెత్తలోంచి స్ట్రిప్పు తెచ్చి జేబులో పెట్టింది నువ్వు. అదంతా తర్వాత. ఆయన తిన్న ఉండలో ఏం కలిపావు? అక్కడ డాక్టరు దేనికి విరుగుడు వెయ్యాలో తెలియక చేతులు పిసుక్కుంటున్నాడు. చెప్పు."

రత్నబాబు కూలబడ్డాడు. "చంపాలని కాదండీ. మేడమ్ చేసే మందు మనుషుల దాకా రావడానికి ఇంకా ఐదేళ్ళు పడుద్దంట. జనం ఇప్పుడే అడుగుతున్నారు, చింతపిక్క మందంట, సూది అక్కర్లేదంట, మాకూ ఇప్పించమని. ఉత్త పిక్కపిండి ఉండలు చేసిచ్చా. సుగరు తగ్గలేదన్నారు. అందుకని..."

"సుగరు మాత్రలు నూరి కలిపావు," అంది సంహిత. "పాత రకం, చవగ్గా దొరికేవి. అవునా? పేరు చెప్పు."

చెప్పాడు. సంహిత కళ్ళు మూసుకుంది.

"బాబాయ్, అది ఎక్కువైతే రెండు రోజులు వదలదు. పంచదార ఇస్తే లేచి కూర్చుంటారు, మళ్ళీ పడిపోతారు. కృపారావుకి జరుగుతోంది అదే."

ఆమె అప్పటికే ఆసుపత్రికి ఫోన్ కలుపుతోంది. డాక్టరుకి మందు పేరు రెండుసార్లు చెప్పింది. అవతలనుంచి "అర్థమైంది, ఇక మేం చూసుకుంటాం" అన్న మాట స్పష్టంగా వినిపించింది.

"నెలనుంచీ బాగానే పనిచేసిందండీ," రత్నబాబు గొణిగాడు. "అందరికీ తగ్గింది. కృపారావుకి నిన్నే ఎందుకట్టా అయిందో..."

భవానీప్రసాద్‌కి ఆ ఒక్క ప్రశ్నే మిగిలింది. "ఈ ఆఖరి వాయి ఎట్టా కలిపావు? వేడినీళ్ళలో పిండి చల్లుకుంటూ తిప్పావా, ఒక్కసారే పోశావా?"

"తొందరలో ఉన్నానండీ. మేడమ్ వచ్చే టైమైంది. ఒక్కసారే పోశా."

"ఉండ కట్టిందా?"

"కట్టింది. చేత్తో చిదిపి గోలీలు చేసేశా."

బంక వ్యాపారంలో మొదటిరోజు నేర్పే పాఠం అది. పిండి ఒక్కసారిగా పోస్తే పైన జిగురు పట్టి లోపల పొడి పొడిగానే మిగిలిపోతుంది. కలిపింది ఏదైనా సమంగా పరుచుకోదు.

"ఎక్కువతక్కువలయ్యాయి," అన్నాడు హరిచరణ్‌కి అర్థమయ్యేలా. "ఒక గోలీలో ఏమీ ఉండదు. పక్క గోలీలో పది మాత్రల మందు ఉంటుంది. కృపారావుకి నిన్న తగిలింది అలాంటిది. చూసి పోల్చుకోవడానికి లేదు, అన్నీ ఒకలాగే ఉంటాయి. రత్నబాబూ, ఆ వాయి ఎక్కడ?"

"వెళ్ళిపోయిందండీ. మొన్న సాయంత్రమే. ఇరవై నాలుగు పొట్లాలు."

"ఎవరు పట్టుకెళ్ళారు?"

"సువార్తమ్మ. వాళ్ళకి తెలిసిన డ్వాక్రా గ్రూపులకి ఇస్తుంది. వీరులపాడు, జి.కొండూరు, నందిగామలో కొంతమంది. పాత పొట్లం అయిపోతే కొత్తది మొదలెడతారు. భోజనానికి ముందు ఒకటి."

"మందు ఎవరిదని చెప్పావు?"

రత్నబాబు తల వంచుకున్నాడు. "సంహిత మేడమ్ మందనండీ. ఆ పేరు చెప్తేనే నమ్ముతున్నారు."

టైము ఒకటీ ముప్పై ఐదు. ఊళ్ళల్లో కంచాలు పెట్టే వేళ.

హరిచరణ్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఓడిపోయిన మనిషిలా లేడు, లెక్క మార్చుకున్న మనిషిలా ఉన్నాడు. "మేడమ్, నా రిపోర్టులో మీ తప్పేమీ లేదని రాస్తా. ఇతని వాంగ్మూలం తీసుకుంటా. కానీ ఒక్క మాట. మీ పేరుతో ఈ మందు ఊళ్ళోకి పోయిందని బయటపడితే మా సంస్థ ఒక్క పూట కూడా ఆగదు, పెట్టుబడి వెనక్కి లాగేస్తుంది. పోలీసుల చేత నెమ్మదిగా కబురు చేయిద్దాం. నాలుగింటికల్లా అయిపోతుంది. మీ పేరు రాదు."

"నాలుగింటికి వాళ్ళు భోంచేసి రెండు గంటలవుతుంది," అంది సంహిత.

"ఏడేళ్ళ పని మేడమ్."

సంహిత భవానీప్రసాద్ వైపు చూసింది. ఇది ఆయన బేరం కాదు. ఆమె సరుకు, ఆమె వెల.

"బాబాయ్, సువార్తమ్మకి ఫోన్ చెయ్యి. ఆ వాట్సాప్ గ్రూపులు ఆవిడ ఫోన్లో ఉంటాయి."

సువార్తమ్మ మొదట ఏడ్చింది, తర్వాత తిట్టుకుంది, ఆ తర్వాత చెప్పినట్టే సంహితని గ్రూపులన్నిట్లో చేర్చింది. ఒకటీ నలభై ఎనిమిదికి సంహిత గొంతు అన్ని ఊళ్ళ ఫోన్లలోకి వెళ్ళింది.

"నేను జగ్గయ్యపేట ల్యాబ్ సంహితని. నా పేరు చెప్పి మీకిచ్చిన చింతపిక్క గోలీలు వేసుకోవద్దు. అవి నా మందు కాదు, కానీ నా షెడ్డులోనే తయారయ్యాయి. ఆ తప్పు నాది. ఇవాళ గాని నిన్న గాని వేసుకున్నవాళ్ళుంటే వెంటనే పంచదార నీళ్ళు తాగించి నందిగామ ఆసుపత్రికి తీసుకురండి. లేచి కూర్చున్నా, బాగుందన్నా ఇంటికి తీసుకుపోవద్దు. పొట్లం ఉన్నవాళ్ళు ఉందని, వేసుకున్నవాళ్ళు వేసుకున్నామని ఇందులోనే చెప్పండి."

హరిచరణ్ గోడకి ఆనుకుని విన్నాడు. "అయిపోయింది," అన్నాడు మెల్లిగా. ఎవరి పనో చెప్పలేదు.

జవాబులు రావడం మొదలైంది. భవానీప్రసాద్ చీటీ తిరగేసి గీతలు పెడుతూ కూర్చున్నాడు. ఉంది, ముట్టుకోలేదు. ఉంది. ఉంది మేడమ్, చెత్తలో వేశా. వద్దమ్మా, తీసి జాగ్రత్తగా పెట్టు అంది సంహిత. ఒకావిడ రుసరుసలాడింది, పోయిన నెల బాగానే ఉందిగా, ఇప్పుడేమొచ్చిందని. జి.కొండూరు నుంచి ఒక కోడలు గొంతు: "మా అత్తగారు పన్నెండింటికి వేసుకుందండీ, నిద్రపోతోందిలే అని లేపలేదు." ఆవిడ్ని లేపారు. చెమటలు పట్టి ఉన్నాయి, మాట ముద్దగా వస్తోంది, పంచదార నీళ్ళు మింగుతోంది. ఆటో కట్టారు.

రెండూ ఇరవైకి చీటీ మీద ఇరవై మూడు గీతలు. భవానీప్రసాద్ మళ్ళీ ఆసుపత్రికి ఫోన్ కలిపాడు.

"సువార్తమ్మా, ఇంకొకటి తేలాలి. బాగా గుర్తుతెచ్చుకో."

"లేదు బాబుగారూ. మా ఆయన పొట్లంతో కలిపి నా చేతికిచ్చింది ఇరవై మూడే. ఒట్టు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నా."

భవానీప్రసాద్ ఫోన్ కింద పెట్టి రత్నబాబు వైపు తిరిగాడు. ఇరవై నాలుగన్నవాడు అతనే. అతని మొహం అప్పటికే పాలిపోయి ఉంది. చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఒకటి నేనే ఉంచుకున్నానండీ," అన్నాడు. "వీరులపాడులో మా అమ్మకి. కృపారావు ఒంటికే పడలేదనుకుని, ఇవాళ పొద్దున బస్సు డ్రైవరు చేత పంపించా."

సంహిత ఆ ఫోన్ లాక్కుని తనే కలిపింది. హరిచరణ్ అప్పటికే తన కారు తలుపు తీసి, ఇంజను వేసి, "ఎక్కండి ప్రసాద్‌గారూ, దారి మీకు తెలుసుగా!" అని కేకేశాడు. భవానీప్రసాద్ రత్నబాబుని రెక్క పట్టుకుని వెనక సీట్లోకి తోసి, తను ముందు కూర్చున్నాడు. సంహిత వెనకనుంచి ఎక్కి ఫోన్ స్పీకర్లో పెట్టింది.

అవతల ఫోన్ మోగుతోంది. మోగీ మోగీ ఆగిపోయింది. మళ్ళీ కలిపింది. మళ్ళీ మోగుతోంది.